నెత్తురు తీసేముందు నోరు చూడండి

(దళితవాడల ఆరోగ్య కార్యకర్తల శిక్షణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మేం నోటి కేన్సరు గురించి మాట్లాడతాం. పొగాకు మానండి, గుట్కా మానండి అని చెప్పి దిగిపోతారులే అనుకుంటున్నారేమో. ఆ మాటా చెప్తాం. కానీ ఒక్క ఆ మాట కోసమే రాలేదు. ఈ మధ్య మన కార్యకర్తలు ఒక ప్రశ్న పట్టుకొచ్చారు. నోటి పుండుతో పెద్దాసుపత్రులకి పోయిన మనవాళ్ళ దగ్గర మామూలు పరీక్షలకి కాక అదనంగా ఇంకో గొట్టం నెత్తురు తీసుకుంటున్నారట. ఎందుకని అడిగితే, జబ్బు ముందు ముందు ఎట్లా నడుస్తుందో నెత్తురులో తెలుస్తుందేమో చూస్తున్నాం అన్నారట. నెత్తురులో అది తెలుస్తుందా? తెలిస్తే మనకేంటి లాభం? తెలుసుకున్నది ఎవరి చేతిలో ఉంటుంది? ఈ మూడు ప్రశ్నలకి మాకు తెలిసినంతలో జవాబు చెప్తాం.

ముందు మన నోటి సంగతి ఒకటి గుర్తు చేసుకుందాం. మూతికి ముంత, నడుముకి తాటాకు అనే మాట మీ అందరికీ తెలిసిందే. పీష్వాల ఏలుబడిలో పూనాలో అంటరానివాడి ఉమ్మి నేలమీద పడకూడదని మెడకి ముంత కట్టి తిప్పారు. ఈ సంగతి బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లో వేసిన 'కుల నిర్మూలన'లో రాశారు. ఆనాడు మన ఉమ్మి మైల. ఇవాళ అదే ఉమ్మి, అదే నెత్తురు ప్రయోగశాలలకి కావాల్సొచ్చాయి. గొట్టంలో పడ్డాక నెత్తురుకి కులం లేదు, అది మంచిదే. మనం శాస్త్రానికి శత్రువులం కాదు. మనల్ని వెలివేసింది శాస్త్రం కాదు, శాస్త్రాలు. అయితే ఒక్కటడుగుతాం. మన చెయ్యి పట్టుకుని నెత్తురు తీసే వ్యవస్థ మన నోరు తెరిపించి లోపలికి చూడ్డానికి ఎందుకు రాదు? ఇవాళ్టి మా మాటంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

ఈ జబ్బు ఎవరింటికొస్తోంది

2022 సంవత్సరానికి వేసిన ప్రపంచ కేన్సరు అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాది పెదవి, నోటి కేన్సరు కొత్తగా వచ్చినవాళ్ళు 1 లక్షా 40 వేలకి పైన. చనిపోయినవాళ్ళు సుమారు 80 వేలు. మన దేశపు మగవాళ్ళలో ఏ కేన్సరు ఎక్కువ అంటే ఇదే. కారణాలు దాపరికం ఏమీ కాదు. చుట్ట, బీడీ, సిగరెట్టు, ఖైనీ, గుట్కా, జర్దా, వక్క, సారా. వక్కలో పొగాకు కలపకపోయినా అది కేన్సరు తెచ్చే సరుకేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సరు పరిశోధనా సంస్థ 2004లోనే తేల్చింది. గుట్కా నిషేధం అన్నారు. వ్యాపారస్తుడు పాన్ మసాలా ఒక పొట్లం, జర్దా ఇంకో పొట్లం చేసి పక్కపక్కనే వేలాడదీశాడు. రెండూ కొని నోట్లో కలుపుకునే పని మన పిల్లలది.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు వాళ్ళకి అడ్డపొగ సంగతి వేరే చెప్పక్కర్లేదు. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని కాల్చడం. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువ. ఎందుకమ్మా అంటే మన ముసలమ్మలు చెప్పే కారణాలన్నీ కష్టం నుంచి పుట్టినవే. గాలికి ఆరదు, బూడిద చంకలో బిడ్డ మీద పడదు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి, పెద్దల ముందు చుట్ట కనపడదు. ఆ నిప్పు వేడి, ఆ పొగ తిన్నగా అంగిలికి తగులుతాయి. వేరే చోట్ల అరుదుగా వచ్చే అంగిలి కేన్సరు అక్కడ ఎక్కువగా రావడానికి కారణం అదే. టాటా సంస్థ పరిశోధకులు, డెన్మార్కు నుంచి వచ్చిన పిండ్‌బోర్గ్ అనే నిపుణుడు కలిసి మన రాష్ట్రంలో 10,169 మంది పల్లె జనం నోళ్ళు చూసి ఈ అడ్డపొగ మీద 1971లో పెద్ద వ్యాసం అచ్చు వేశారు. చూశారా? యాభై ఏళ్ళ పైమాటే. అప్పుడే పల్లెలకొచ్చి మన తల్లుల నోళ్ళు చూసి లెక్క రాశారు. లెక్క ప్రపంచమంతా తిరిగింది. నోరు చూసే మనిషి మాత్రం మళ్ళీ వాడకి రాలేదు.

ఊరికే అనడం లేదు. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ళ వాళ్ళని అడిగారు: మీ నోరు ఎప్పుడైనా కేన్సరు పరీక్ష కోసం చూశారా అని. చూశారు అన్నవాళ్ళు దేశం మొత్తం మీద ఆడవాళ్ళలో నూటికి 0.9, మగవాళ్ళలో నూటికి 1.2. అంటే వెయ్యిమంది ఆడవాళ్ళలో తొమ్మిదిమంది, వెయ్యిమంది మగవాళ్ళలో పన్నెండుమంది. ఇది అన్ని కులాలూ, పట్నాలూ కలిసిన లెక్క. ఇంక మన వాడ లెక్క మీరే వేసుకోండి.

నెత్తురులో వెతికేదేంటి

ఇప్పుడు నెత్తురు సంగతికొద్దాం. డాక్టర్లు 'మార్కర్' అంటారు. మనం గుర్తు అందాం. పొలం గట్టు మీద అడుగులు చూసి ఏ జంతువు పోయిందో చెప్తాం కదా, అట్లాంటిదే. నోట్లో గడ్డ పెరిగేటప్పుడు దాని కణాలు చస్తుంటాయి, పుడుతుంటాయి. వాటి తునకలు నెత్తురులో కలుస్తాయి. ఆ తునకలు పట్టుకుని గడ్డ ఎంత చెడ్డదో, ఆపరేషన్ తరవాత తిరగబెడుతుందో లేదో చెప్పగలమా అని వెతుకుతున్నారు.

వెతికేవి ముఖ్యంగా నాలుగు రకాలు. మొదటివి మాంసకృత్తులు. ఎస్‌సీసీ యాంటిజెన్ అని ఒకటి, సైఫ్రా 21-1 అని ఒకటి. ఇవి పొరల్లో పుట్టే కేన్సర్లలో నెత్తురులోకి ఎక్కువగా వస్తాయి. రెండోవి కేన్సరు కణం నుంచి విడిపోయిన డీఎన్ఏ తునకలు. మూడోవి మైక్రో ఆర్ఎన్ఏలు, కణంలో ఏ పని జరగాలో ఏది ఆగాలో సరిచూసే చిన్న చిన్న పోగులు. ఇందులో 21 నంబరు, 31 నంబరు వాటి మీద చాలా పని జరిగింది. నాలుగోది మామూలు నెత్తురు పరీక్షే. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ ఎన్ని, లింఫోసైట్స్ ఎన్ని అని లెక్కేసి ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తారు. ఆ అంకె పెద్దదైతే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువని చాలా పరిశోధనల్లో కనపడింది. ఇది చవకైన పరీక్ష. మండల కేంద్రంలోని ల్యాబులో కూడా అయిపోతుంది.

మరి ఇవి చాలా? చాలవు. ఎందుకో చెప్తాం, జాగ్రత్తగా వినండి.

ఒకటి. నూరుమంది సగటు వేరు, మీ ఇంట్లో మనిషి వేరు. ఈ అంకె పెద్దగా ఉన్న నూరుమందిలో ఎక్కువమంది తొందరగా పోయారు అంటే, ఆ అంకె ఉన్న మీ అమ్మ తప్పకుండా పోతుందని కాదు. ఏ అంకె దాటితే ప్రమాదం అనేదానికి కూడా ఒక్కో పరిశోధన ఒక్కో గీత గీసింది.

రెండు. నెత్తురు ఒక్క కేన్సరు మాటే చెప్పదు. పుచ్చిన పన్ను దగ్గర చీము పట్టినా తెల్లకణాల లెక్క మారుతుంది. పొగ తాగినా మారుతుంది. వేరే జ్వరం ఉన్నా మారుతుంది. అల్బుమిన్ అని నెత్తురులో ఒక మాంసకృత్తి ఉంది. అది తగ్గినవాళ్ళు, నెత్తురు పలచబడ్డవాళ్ళు తక్కువ కాలం బతుకుతున్నారని పరిశోధనలు చెప్తాయి. నిజమే. కానీ అల్బుమిన్ ఎందుకు తగ్గింది? జబ్బు ముదిరి తగ్గి ఉండొచ్చు. నమల్లేక, మింగలేక తినక తగ్గి ఉండొచ్చు. ఇంట్లో లేక తినక తగ్గి ఉండొచ్చు. యంత్రానికి ఈ మూడింటి తేడా తెలీదు. ఆకలిని కూడా అది కేన్సరు ఖాతాలోనే రాసేస్తుంది.

మూడు. ఏమవుతుందో చెప్పే గుర్తు వేరు, ఏ వైద్యం పనిచేస్తుందో చెప్పే గుర్తు వేరు. మొదటిదొక్కటే ఉంటే అది పంతులు చేతిలో పంచాంగం. కీడు ఉందని చెప్పి దక్షిణ తీసుకుపోతాడు, కీడు అట్లాగే ఉంటుంది. ఒక పరీక్ష వల్ల డాక్టరు చేసే పనిలో తేడా రావాలి, ఆ తేడా వల్ల మనిషి ఎక్కువ కాలం బతకాలి, లేకపోతే తక్కువ బాధ పడాలి. అప్పుడే అది వైద్యం.

నాలుగు. గొంతు వెనక భాగంలో వచ్చే ఒక రకం కేన్సరు హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది. విదేశాల్లో అది ఎక్కువ. ఆ వైరస్ డీఎన్ఏని నెత్తురులో పట్టుకుని జబ్బు తిరగబెట్టిందేమో చూసే పరీక్షలు అక్కడ బాగా ముందుకెళ్ళాయి. ఆ వార్త చదివి మనకీ వచ్చేసింది అనుకోవద్దు. మన దవడ కేన్సరు, నాలుక కేన్సరు ఎక్కువగా పొగాకు, వక్కల బిడ్డలు. వాటిలో ఆ వైరస్ గుర్తు పట్టుకుంటే దొరికేది తక్కువ.

అందుకే ఇవాళ్టికి నోటి కేన్సరులో, ఈ నెత్తురు గుర్తు చూసి వైద్యం ఇట్లా మార్చాలి అని మామూలు వైద్య నియమాల్లోకి ఎక్కిన పరీక్ష ఒక్కటీ లేదు. ఆశ ఉంది. ఆపరేషన్ తరవాత కూడా గడ్డ డీఎన్ఏ నెత్తురులో మిగిలితే జబ్బు మళ్ళీ వచ్చే ప్రమాదం ఉందని చిన్న సంఖ్యలతో చేసిన పరిశోధనలు చూపించాయి. పెద్ద సంఖ్యలతో తేలాలి. ఈ లోపల ఒక్క బొట్టు నెత్తురుతో కేన్సరు చెప్పేస్తాం అని కరపత్రం పంచేవాడొస్తే డబ్బులివ్వకండి. పుండు కేన్సరా కాదా అనేది దాని ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తేనే తేలుతుంది. ముక్క తీస్తే జబ్బు పాకుతుందనే పుకారు కూడా మన వాడల్లో ఉంది. అది అబద్ధం. ఆ భయంతో ఆగిన నెలల్లోనే జబ్బు పాకుతుంది.

ఇప్పటికే తెలిసిన గుర్తులు

నెత్తురు సంగతి పక్కన పెట్టినా, నోటి కేన్సరు మనిషి బతుకుతాడా లేదా అని అంచనా వేయడానికి డాక్టర్లకి గట్టి గుర్తులు ఇప్పటికే ఉన్నాయి. గడ్డ ఎంత లోతుకి దిగింది? 5 మిల్లీమీటర్ల లోపా, 10 దాటిందా? 2018 నుంచి జబ్బు దశ లెక్కలో ఈ లోతునీ కలిపారు. 5 మిల్లీమీటర్లంటే ఒక బియ్యపు గింజ పొడవు. అంత చిన్న తేడాతో దశ మారిపోతుంది. రెండోది మెడ గ్రంథులు. మెడలోకి పాకితే బతికే అవకాశం ఇంచుమించు సగానికి పడిపోతుంది. మూడోది ఆపరేషన్ చేసినప్పుడు అంచుల్లో జబ్బు మిగలకుండా తీశారా లేదా.

ఇక్కడే నెత్తురు గుర్తు నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్ళు 2015లో ఒక పెద్ద పరిశోధన ఫలితం ప్రకటించారు. నోటి కేన్సరు తొలి దశలో ఉండి, మెడలో పైకి ఏమీ తెలియని రోగుల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి నోటి ఆపరేషన్‌తో పాటే మెడ గ్రంథులు కూడా తీసేశారు. రెండో గుంపుకి మెడలో గడ్డ కనపడితే తీద్దామని ఆగారు. మూడేళ్ళకి మొదటి గుంపులో నూటికి 80 మంది బతికున్నారు. రెండో గుంపులో 67.5. అంటే నూటికి పన్నెండుమంది ప్రాణాల తేడా. అయితే గ్రంథులు ముందే తీసినవాళ్ళలో నిజంగా లోపల జబ్బు దాగి ఉన్నది నూటికి సుమారు 30 మందికే. మిగతా 70 మందికి అవసరం లేకుండానే మెడ కోశారు. ఆ కోతతో కొందరికి భుజం పట్టేస్తుంది, చెయ్యి పైకి లేవదు. మూటలు మోసేవాడికి, నాట్లు వేసే తల్లికి భుజమే కదా ఆస్తి! ఆ 30 మంది ఎవరో, ఆ 70 మంది ఎవరో నెత్తురు చూసి నమ్మకంగా చెప్పగలిగిన రోజు మేమే తప్పెట కొట్టి చాటుతాం. అట్లాంటి పరీక్ష కావాలి. మన కూలీకి పనికొచ్చే పరీక్ష అది.

నెత్తురులో లేని గుర్తులు

ఇంకో రకం గుర్తులున్నాయి. అవి ఏ గొట్టంలోనూ పడవు. కానీ మన చావుని అవే ముందుగా చెప్తాయి.

ఆపరేషన్ తరవాత కరెంటు పెట్టాల్సి వస్తే ఆరు వారాల లోపల మొదలవ్వాలి. వారానికి అయిదు రోజులు, ఆరు వారాలకి పైగా, 30 నుంచి 33 సార్లు పెడతారు. మధ్యలో ఆపితే గడ్డ మళ్ళీ పుంజుకుంటుంది. వైద్యం ఒక్కో రోజు సాగిపోతుంటే జబ్బు అదుపులో ఉండే అవకాశం సుమారు ఒక శాతం చొప్పున, కొన్ని లెక్కల్లో అంతకంటే ఎక్కువగానే తగ్గుతుందని వైద్య శాస్త్రమే చెప్తోంది. ఇప్పుడు చెప్పండి. వరి కోతల రోజుల్లో ఒక వారం కూలి పోతుందని ఆగిన మనిషికి, బస్సు చార్జీకి అప్పు పుట్టక మూడు రోజులు పోలేకపోయిన మనిషికి, తోడు వచ్చేవాళ్ళు లేక ఇంటికి తిరిగొచ్చిన తల్లికి ఏమైంది? ఆమె నెత్తురులో ఏ లోపమూ లేదు. ఆమె చేతి సంచిలో చిల్లర లేదు.

ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో రెండు పేర్లతో నడుస్తోంది. ఆపరేషన్‌కి, కరెంటుకి, కీమోకి కార్డు పనిచేస్తుంది. మంచిదే, వాడుకుందాం, వదలొద్దు. కానీ కార్డు దాకా పోయేలోపల ఎన్ని గడపలు? ముందు ఊళ్ళో ఆర్ఎంపీ నోటిపూత అని బి-కాంప్లెక్స్ మాత్రలిస్తాడు. తరవాత పళ్ళ డాక్టరు పన్ను పీకుతాడు. తరవాత నాటు మందు. తరవాత దేవర మొక్కు. ఇట్లా ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో బియ్యపు గింజ లోతు ఉన్నది బొటనవేలు లోతు అవుతుంది. చివరికి పెద్దాసుపత్రి చీటీ మీద ఆలస్యంగా వచ్చారు అని రాస్తారు. ఎవరు ఆలస్యం చేశారో మాత్రం రాయరు.

అందుకే ఒక హెచ్చరిక. రేపు ఈ నెత్తురు అంకెలన్నీ, పాత రోగుల లెక్కలన్నీ కంప్యూటర్లో పోసి ఎవరు బతుకుతారో అదే చెప్పేలా చేస్తారు. ఇప్పటికే ఆ పని మొదలైంది. పాత లెక్కల్లో మనవాళ్ళు ఆలస్యంగా వచ్చినవాళ్ళు, సగంలో ఆగినవాళ్ళు, తిండి లేక చిక్కినవాళ్ళు. ఆ లెక్కలతో నేర్చుకున్న యంత్రం ఏం చెప్తుంది? ఇట్లాంటి మనిషి బతకడు అని చెప్తుంది. బతకనివ్వనిది ఊరు, దూరం, కూలి. పేరు మాత్రం నెత్తురుది. పూర్వం కర్మ అన్నారు, తలరాత అన్నారు. ఇప్పుడు నెత్తుటి రాత అనకూడదు. బతకడు అని తేలినవాడి మంచం ఇంకొకడికి ఇచ్చే సాకు కాకూడదు. ప్రమాదం ఎక్కువ అని తేలినవాడికి ఎక్కువ వైద్యం, ఎక్కువ తిండి, ఎక్కువ తోడు. గుర్తు చూడ్డానికి అర్థం అదొక్కటే.

ఎవరి నెత్తురు, ఎవరి అనుమతి

పరిశోధనకి నెత్తురు ఇవ్వాలా వద్దా? మేం ఇవ్వమనే చెప్తాం. మన జనం నెత్తురు మీద పరీక్షించకుండా తయారైన గుర్తు రేపు మనకి పనిచేస్తుందో లేదో ఎట్లా తెలుస్తుంది? కానీ తెలిసి ఇవ్వాలి. అడిగి ఇవ్వాలి.

2009లో ఖమ్మం జిల్లాలో జరిగింది మరిచిపోకండి. గర్భాశయ ముఖద్వార కేన్సరు రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాని పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి కలిసి అక్కడ వేల మంది బాలికలకి వేయించాయి. వాళ్ళలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో చదివే ఆదివాసీ పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆపేశారు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు అనుమతి పత్రాల మీద సంతకాలు పెట్టారని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక తప్పు పట్టింది. ఆ టీకా చెడ్డదని మేం అనడం లేదు. అది మంచి టీకా, ఆడపిల్లలకి వేయించండి. తప్పు సూదిలో లేదు, సంతకంలో ఉంది. మన పిల్లల తరపున ఎవరో సంతకం పెట్టొచ్చు అనుకున్నారు చూశారా, ఆ అనుకోవడంలో ఉంది.

కాబట్టి నెత్తురు అడిగినప్పుడు ఈ మాటలు అడగండి. భయపడొద్దు, అరవొద్దు, నెమ్మదిగా అడగండి:

ఈ నెత్తురు నా వైద్యం కోసమా, పరిశోధన కోసమా?

డబ్బు ఎవరు కడతారు?

ఫలితం నాకు చెప్తారా? దాని వల్ల నా వైద్యంలో ఏం మారుతుంది?

ఎన్నాళ్ళు దాచుతారు? ఇంకెవరికైనా ఇస్తారా?

నేను ఇవ్వనంటే నా వైద్యం ఆగుతుందా?

చివరి ప్రశ్నకి జవాబు ఆగదు అని ఉండాలి. పరిశోధనకి ఒప్పుకోలేదని వైద్యం ఆపడానికి వీల్లేదు. మధ్యలో వద్దనుకుంటే మానేయొచ్చు. వైద్య పరిశోధనా మండలి 2017 నియమాలు ఈ హక్కులిచ్చాయి. చదువు రాని మనిషి వేలిముద్ర వేసేటప్పుడు పరిశోధనతో సంబంధం లేని, చదువొచ్చిన సాక్షి పక్కన ఉండాలి. పత్రం మనకర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. ఆ సాక్షులుగా మీరే నిలబడాలి, కార్యకర్తల్లారా. వేలిముద్రకి కాపలా కాయడం కూడా ఉద్యమమే.

వాడలో మనం చేయగల పని

నోరు చూడ్డానికి పెద్ద చదువు అక్కర్లేదు. కేరళలో తిరువనంతపురం జిల్లాలో 1996లో ఒక పని మొదలుపెట్టారు. 13 పంచాయతీ ప్రాంతాలు తీసుకున్నారు. ఏడింటిలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ పోయి నోళ్ళు చూశారు. ఆరింటిలో మామూలుగా వదిలేశారు. చూసినవాళ్ళు డాక్టర్లు కారు. 2005లో ఫలితం అచ్చయింది. పొగాకు గానీ మందు గానీ అలవాటున్నవాళ్ళలో నోటి కేన్సరు చావులు నోళ్ళు చూసిన చోట మూడో వంతు తగ్గాయి. అలవాటు లేనివాళ్ళనీ కలిపి చూస్తే అంత గట్టిగా తేలలేదు. అంటే ఎవరి నోరు ముందు చూడాలో కూడా అదే చెప్పింది. టార్చిలైటు, శిక్షణ పొందిన కళ్ళు, ముట్టుకోడానికి జంకని చెయ్యి. ఇంతే పరికరాలు.

చూడాల్సినవి ఇవి. రెండు వారాలైనా మానని పుండు. రుద్దినా పోని తెల్లమచ్చ. ఎర్రమచ్చ ఉంటే ఇంకా తొందర, అది తెల్లదానికంటే ప్రమాదం. కారణం లేకుండా కదిలే పన్ను. మెడలో నొప్పి లేని గడ్డ. నోరు చాలినంత తెరుచుకోకపోవడం. ఎవరి వేళ్ళు వాళ్ళు మూడు నిలువుగా పెట్టుకుని చూసుకోవాలి, పట్టకపోతే చూపించుకోవాలి. గుట్కా, వక్క తినే కుర్రాళ్ళకి ఈ పరీక్ష ముందు చెయ్యండి. అంగిలి చూడ్డం మరవకండి, తల వెనక్కి వాల్చి వెలుగు పైకి వెయ్యండి. అడ్డపొగ తాగే తల్లులని తిట్టకండి. తిడితే నోరు మూసుకుంటారు. మూసుకున్న నోట్లో జబ్బు మనకి కనపడదు.

అనుమానం ఉన్న మనిషిని ఒంటరిగా పంపొద్దు. తోడు వెళ్ళండి. విశాఖలో కేజీహెచ్, అగనంపూడి దగ్గర టాటా వాళ్ళ హోమీ భాభా కేన్సరు ఆసుపత్రి ఉన్నాయి. హైదరాబాదులో ఎంఎన్‌జే సర్కారు కేన్సరు ఆసుపత్రి ఉంది. ముక్క పరీక్ష కాగితం, దశ రాసిన కాగితం చేతికి తీసుకోకుండా రావొద్దు. ఆ కాగితం మీ హక్కు.

సర్కారుని మనం అడగాల్సినవి నాలుగే. ఒకటి, ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి మనిషి నోరూ వాడలో, ఇంటి దగ్గరే చూడాలి. కాగితం మీద కాదు. రెండు, కరెంటు వైద్యం నడిచే వారాలన్నీ రోగికి, తోడుకి బస, తిండి, దారి ఖర్చు, పోయిన కూలి ఇవ్వాలి. మూడు, మన నెత్తురుతో తయారైన పరీక్ష మనకి సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా అందాలి. నెత్తురు మనది, పరీక్ష కార్పొరేటు ఆసుపత్రిదీ అంటే ఒప్పుకోం. నాలుగు, పొగాకు సాగు, వ్యాపారం చూసుకోడానికి 1976 నుంచి గుంటూర్లో బోర్డు ఉంది. పొగాకు బేరన్ల దగ్గర, బీడీల చాటల ముందు ఆ పొగాకుతో బతికే మన ఆడవాళ్ళ నోరు, ఊపిరి చూసుకోడానికి ఎవరున్నారు? వాళ్ళకి ఏటా పరీక్ష, ఇంకో పనికి దారి చూపించాలి.

అమ్మలారా, అన్నలారా, శాస్త్రజ్ఞులు నెత్తురులో గుర్తులు వెతకనీయండి. వాళ్ళు గెలవాలనే కోరుకుందాం. కానీ వాళ్ళు గెలిచేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. వచ్చే పదిహేను రోజుల్లో ప్రతి వాడలో ఇద్దరు, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి, టార్చిలైటు పట్టుకుని నేర్చుకోడానికి ముందుకు రండి. పేర్లు ఇవాళే రాయించండి. మన నోళ్ళు మనమే చూసుకుందాం. నోరు తెరిచి అడగాల్సినవాళ్ళని అడుగుదాం.

జై భీమ్!